బంతులాటకు లిపి

లోకమున విద్యలు రెండు తెఱగులుగ నున్నవి. లిపికెక్కినవి కొన్ని, లిపికెక్కనివి కొన్ని. వ్యాకరణము, ఛందస్సు, జ్యోతిషము మొదలగునవి మొదటి తెఱగునకు జెందినవి. వీనికి సూత్రములున్నవి, సూత్రములకు వ్యాఖ్యానములున్నవి. వీనిని నేర్చినవానిని మనము పండితుడందుము. కుమ్మరి సారె త్రిప్పుట, గడ నెక్కి నడచుట, బంతుల నెగురవేసి పట్టుట మొదలగునవి రెండవ తెఱగువి. వీనికి గ్రంథములు లేవు. తండ్రి చేయి చూచి కొడుకు చేయి నేర్చును. తల్లి చేయి చూచి కూతురు చేయి నేర్చును. వీనిని నేర్చినవానిని మనము పండితుడనము. పనివాడందుము, లేదా వాని కులము పేరు చెప్పి యూరకుందుము. ఈ భేదము విద్యల లోతునుబట్టి యేర్పడినదా, లేక వ్రాతపని యెవరి చేతనుండెనో దానినిబట్టి యేర్పడినదా యని మేము పెక్కు దినములుగా నాలోచించుచున్నాము. ఈ యాలోచనకు మమ్ము పురికొల్పినది చూడ మిక్కిలి చిన్న విషయము: బంతులను రెండు చేతులతో నెగురవేయు ఆటను అంకెలతో వ్రాయు పద్ధతి.

మేము వృత్తిచే నుపాధ్యాయులము. సంస్కృతమును ఆంగ్లమును చదివి, శంషాబాదు పరిసరములందలి యొక పాఠశాలలో భాష బోధించుచున్నాము. మేమీ ప్రాంతమునకు వచ్చిన కొలదికాలమునకే, 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీనుండి, ఇచ్చటి కొత్త విమానాశ్రయమున విమానములు దిగ నారంభించినవి. సుమారు 5,500 ఎకరముల నేల దాని పాలయ్యెను. పొలములును బీళ్ళును గుట్టలును ఉన్నచోట వెడల్పైన రహదారులు, సామాను గిడ్డంగులు, భోజనశాలలు వెలసినవి. మా విద్యార్థుల తండ్రులలో కొందఱు ఆ విమానాశ్రయముననే సామానుబండ్లు త్రోయుదురు. తల్లులలో కొందఱు అచటి గచ్చులు తుడుతురు. పిల్లలు విమానపు చప్పుడునకు తల యెత్తరు. మేము పాఠము నొక నిమిషమాపి, చప్పుడు దాటిన పిదప మరల చెప్పుదుము.

బంతులాట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. దండి మహాకవి దశకుమారచరితమున కందుకావతి యను రాజకుమారి బంతియాడుట సవిస్తరముగ వర్ణించెను. ఆ వర్ణనమున మాకు విశేషముగ దోచునది సౌందర్యముకంటె పరిభాష. చూర్ణపదము, గీతమార్గము, గోమూత్రిక యని బంతి నడకలకు దండి పేర్లు పెట్టినాడు. కొన్నిటికి లక్షణమును జెప్పినాడు. కావ్యమును తెలుగున వ్రాసిన కేతన, పదుమూడవ శతాబ్దమున దానిని తిక్కనకు అంకితమిచ్చి, అభినవదండి యని పేరు గాంచెను. ఇక దేశాంతరముల మాటకు వచ్చిన, ఐగుప్తు దేశమున బెని హసన్ అనుచోట సుమారు నాలుగువేల యేండ్లనాటి సమాధి గోడమీద, స్త్రీలు బంతుల నెగురవేయుచున్న చిత్రమున్నది. కావున ఈ యాట మనుష్యజాతికి మిక్కిలి పాతది. అయినను రాజకుమారి చేతి బంతికి పారిభాషిక పదము లభించెనుగాని, సంతలో డోలు చప్పుడునకు బంతుల నెగురవేసిన దొమ్మరి పడుచు చేతి బంతికి ఏ పండితుడును పేరు పెట్టలేదు.

పేరు పెట్టకపోవుటయేకాదు, ఆమె కులము పేరునే మనము తిట్టుగ మార్చుకొంటిమి. చదువుకొన్న యిండ్లలో సయితము, పిల్లవాడు అల్లరి చేసినయెడల, ఆడుబిడ్డ గట్టిగ నవ్వినయెడల, ఆ పేరే నోటికి వచ్చును. ఆంగ్ల ప్రభుత్వము 1871లో నేరస్థజాతుల చట్టమును దెచ్చి, సంచారముచేసి బ్రతుకు పెక్కు జాతులను పుట్టుకచేతనే దొంగలని పట్టికలకెక్కించెను. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. పట్టికలు పోయినవి, మన నాలుకల మీది పట్టిక మాత్రము ఇంకను కొట్టివేయబడలేదు.

ఆంగ్ల సాహిత్యము చదివినవారు హాజ్లిట్ 1821లో ప్రకటించిన వ్యాససంపుటమున భారతీయ గారడీలను గూర్చిన వ్యాసమును ఎఱుగుదురు. లండను నగరమున నొక హిందూ దేశీయుడు నాలుగు ఇత్తడి బంతుల నెగురవేయుట చూచి, హాజ్లిట్ తన వ్రాతను తానే తూచుకొన్నాడు. బంతివాని పనిలో రవ్వంత తప్పున్నను బంతి నేలబడును. వ్రాతగాని పనిలో ఎన్ని తప్పులున్నను వ్యాసము నిలిచియే యుండును గదా యని యతని భావము. ఆ ప్రదర్శకుడు మద్రాసు ప్రాంతమునుండి వెళ్ళిన రామసామియే యని పలువురు తలంచుదురు. ఆ రామసామి 1850లో లండనుననే దారిద్ర్యమున మరణించెను. వ్యాసము మాత్రము నేటికిని కళాశాలలలో చదువబడుచున్నది. వ్రాతకు నోచుకొన్న విద్యకును, నోచుకొనని విద్యకును గల భేదము ఈ యొక్క కథలోనే యున్నది.

అటువంటి యీ యాటకు మొన్నమొన్న, అనగా 1980 తరువాతి దశకమున, ఒక లిపి కలిగెను. చిత్రమేమనగా, దానిని కనుగొన్నవారు ఒక్కరు గారు. 1981 ప్రాంతమున కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో పాల్ క్లిమెక్. 1985 ప్రాంతమున కాల్‌టెక్ విద్యాసంస్థలో బ్రూస్ టీమన్, బెంగ్ట్ మాగ్నుసన్. ఇంచుమించుగ ఆ కాలముననే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మైక్ డే, కాలిన్ రైట్, ఆడమ్ చాల్‌క్రాఫ్ట్—ఒకరి సంగతి యొకరికి తెలియకయే ఒకే పద్ధతికి వచ్చిరి. దానికి ఆంగ్లమున సైట్‌స్వాప్ అను పేరు నిలిచెను.

ఆ పద్ధతి యిది. తాళము వేసినట్లు కాలమును సమానమైన దెబ్బలుగ విభజింపుడు. మొదటి దెబ్బకు కుడిచేయి విసరును, రెండవ దెబ్బకు ఎడమచేయి, మూడవ దెబ్బకు మరల కుడిచేయి, ఇట్లు వంతులు. విసరిన ప్రతి బంతికి నొక అంకె వేయవలయును. ఆ బంతి మరల విసరబడుటకు ఎన్ని దెబ్బలు పట్టునో అదియే యా యంకె. మూడు దెబ్బల పిదప విసరబడునది 3. బేసి యంకె గల బంతి రెండవ చేతికి బోవును. సరి యంకె గల బంతి విసరిన చేతికే తిరిగి వచ్చును. ఒక చేతినుండి మఱియొక చేతికి నేరుగ నందించుట 1. విసరక చేతనే నిలుపుకొనుట 2. చేయి ఖాళీగ నుండుట 0. ఇంతియే వర్ణమాల.

మూడు బంతులను ఒకదాని వెంట నొకటి చేతులు మార్చి విసరు సామాన్యమైన యాట 3, 3, 3. మన పల్లెలలో పిల్లలు నిమ్మకాయలతో నాడునప్పుడు కుడిచేత నెత్తుగ విసరుచు, ఎడమచేత పట్టి, వెంటనే కుడిచేతి కందించుచు, చక్రమువలె త్రిప్పుదురు. మూడు కాయలతో నట్లాడుట ఈ లిపిలో 5, 1. నాలుగు కాయలైన 7, 1. ఆటలో నెన్ని బంతులున్నవో తెలియవలెనన్న అంకెల సగటు చూడవలయును. 5, 1ల మొత్తము 6. రెంటిచే భాగింప 3. 4, 4, 1ల మొత్తము 9. మూటిచే భాగింప 3. సగటు పూర్ణసంఖ్య కానిచో ఆట లేదు.

కాని సగటు సరిపోయినంతమాత్రమున ఆట కుదిరినట్లు గాదు. ఇచ్చట మా ప్రాంతపు ఉపమానము పనికి వచ్చును. విమానములు వేఱువేఱు ఊళ్ళనుండి వేఱువేఱు వేళల బయలుదేరును, ప్రయాణకాలములు వేఱు, అయినను ఒకే విమానపథముపై రెండు విమానములు ఏకకాలమున దిగరాదు. బంతులకును అదియే ధర్మము. 4, 2, 3 అను వరుస చూడుడు. మొదటి బంతి సున్న దెబ్బకు బయలుదేరి నాలుగవ దెబ్బకు దిగును. రెండవది ఒకటవ దెబ్బకు బయలుదేరి మూడవ దెబ్బకు. మూడవది రెండవ దెబ్బకు బయలుదేరి అయిదవ దెబ్బకు. నాలుగు, మూడు, అయిదు—మూడును వేఱు, ఆట కుదిరినది. ఆ యంకెలనే 4, 3, 2 అని మార్చి వ్రాయుడు. మొదటిది నాలుగవ దెబ్బకు, రెండవది నాలుగవ దెబ్బకు, మూడవదియు నాలుగవ దెబ్బకే. మూడు విమానములు ఒక్కసారి దిగినవి! సగటు మాఱలేదు, అంకెలు మాఱలేదు, వరుస మాత్రము మాఱెను; ఆట చెడెను.

మా విమానాశ్రయపు పథములకును అంకెల పేర్లే యున్నవి. 4,260 మీటర్ల పొడవుగల పథమునకు ఒక కొనను 09, రెండవ కొనను 27. అయస్కాంత సూచిక చూపు దిక్కును పదింట భాగించిన వచ్చు అంకెలవి. తూర్పు తొంబది, పడమర రెండువందల డెబ్బది. ఆ రెండంకెలు తెలిసిన చోదకుడు ఏ దేశమువాడైనను, ఏ భాషవాడైనను, ఏ దిక్కునుండి దిగవలయునో తెలిసికొనును. మంచి లిపియొక్క గుణమిదియే: అది చెప్పినవాని కులమును అడుగదు, చదివినవాని కులమును అడుగదు.

ఛందస్సు చదివినవారికి ఈ విషయము మఱింత దగ్గఱగ దోచును. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మూడక్షరములకు ప్రస్తారము వేసిన రెండును మూడుమార్లు హెచ్చించిన ఎనిమిది గణములు వచ్చునని పింగళుని శాస్త్రము. ‘యమాతారాజభానసలగం’ అను పదియక్షరముల సూత్రమున, మొదటినుండి మూడేసి యక్షరములు తీసికొనుచుపోయిన, ఎనిమిది గణములును వరుసగ దొరకునని మనము చిన్నతనమున నేర్చితిమి. బంతులకును ప్రస్తారమున్నది. జో బూలర్, డేవిడ్ ఐజెన్‌బడ్, రాన్ గ్రాహం, కాలిన్ రైట్ అను నలుగురు 1994లో ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. నాలుగింటికంటె తక్కువ బంతులతో మూడంకెల వరుసలు నాలుగును మూడుమార్లు హెచ్చింపగా వచ్చు 64. మూటికంటె తక్కువ బంతులతో మూడును మూడుమార్లు హెచ్చింపగా వచ్చు 27. భేదము 37. అనగా సరిగా మూడు బంతులతో నాడదగిన మూడంకెల వరుసలు ముప్పదియేడు. 5, 3, 1ని 3, 1, 5గ త్రిప్పి చదివిన అదియే యాట గావున, త్రిప్పినవానిని విడిచిన పదుమూడు మిగులును. ఈ నలుగురిలో గ్రాహం స్వయముగ బంతుల నెగురవేయువాడు. అమెరికా గణితసంఘమునకును, అంతర్జాతీయ బంతులాటవారి సంఘమునకును అధ్యక్షుడుగ నుండినవాడు. చేయియు లెక్కయు ఒక్క మనుష్యునియందు గూడుట అరుదైనను అసంభవము గాదని యాయన చూపెను.

వీరికి ముందే సమాచారశాస్త్రమునకు ఆద్యుడైన క్లాడ్ షానన్ బంతుల నెగురవేయు యంత్రమును నిర్మించి, ఒక సమీకరణమును వ్రాసెను. బంతి యెగురు కాలమును చేతనుండు కాలమును గూడి చేతుల సంఖ్యచే హెచ్చించిన, చేయి ఖాళీగనుండు కాలమును బంతి పట్టియుండు కాలమును గూడి బంతుల సంఖ్యచే హెచ్చించినదానికి సమానమగును. మూడు బంతుల యాటలో ప్రతి చేతికిని రెండు దెబ్బల కొకసారి వంతు వచ్చును. రెండును మూడుచే హెచ్చింప ఆరు. బంతి యెగురు కాలము చేతనుండు కాలము కలిసి మూడు దెబ్బలు. మూడును రెండు చేతులచే హెచ్చింప ఆరు. రెండు పక్కలును సరిపోయినవి.

ఇక మా పాఠశాల మాట. భాషోపాధ్యాయులమైనను, గణితోపాధ్యాయుడు సెలవుమీద నున్నప్పుడు ఆ తరగతి మాకు వచ్చుచుండును. ఎనిమిదవ తరగతిలో నొక బాలుడుండెను. గణితమున మార్కులు తక్కువ; వెనుక బల్లపై మాటాడక కూర్చుండును. వాని తాత సంతలలో గడ నెక్కి యాడినవాడని తోడి పిల్లలకు తెలిసెను. తెలిసినది మొదలు వాని పేరు మాని కులము పేరుతో పిలిచిరి. ఒకనాడు సగటును గూర్చిన పాఠములో మేము నల్లబల్లమీద 4, 4, 1 అని వ్రాసి, ఇవి మూడు నిమ్మకాయలతో నాడు ఆటకు గుర్తులని చెప్పితిమి. వర్ణమాలను వివరించితిమి. పిల్లలు నవ్విరి. వెనుక బల్లపైని బాలుడు నవ్వలేదు. తొడమీద వ్రేళ్ళతో దెబ్బలు వేసికొనుచుండెను. కొంత సేపటికి లేచి, “సార్, రెండు సార్లు నెత్తి మీదికి, ఒకసారి చేతిలకెల్లి చేతిలకు. ఇది మా తాత ఆట” అనెను. మధ్యాహ్నము మూడు కాయలు దెచ్చి యాడి చూపెను. తప్పలేదు.

తరువాతి వారములలో వాడు మూడంకెల యాటలన్నిటిని వెదకి పుస్తకమున వ్రాయ మొదలుపెట్టెను. వాడు పదునొకండు దెచ్చెను. మిగిలిన రెండు, 8, 0, 1 యు 9, 0, 0 యు, ముందు బల్లవారు చెప్పిరి. “అవి చేతికి రావు సార్, అందుకే రాయలే” యని వాని సమాధానము. ఆ మాట నిజము. బంతి చేతిలో నొక దెబ్బ కాలము నిలుచుననుకొన్న, 3 గాలిలో రెండు దెబ్బలుండును, 5 నాలుగు దెబ్బలుండును, 9 ఎనిమిది దెబ్బలుండును. కాలము రెట్టింపైన ఎత్తు నాలుగింతలగును. కావున 5 అనునది 3కు నాలుగింతల యెత్తు. 9 పదునాఱింతల యెత్తు. తలయెత్తున విసరువాడు తాటిచెట్టు దాటించి విసరవలయును! కాగిత మొప్పుకొన్నదానిని చేయి యొప్పుకొనదు. తరగతిలో ఆ భేదము తెలిసినవాడు వాడొక్కడే. ఆ దినమునుండి వానిని తోడి పిల్లలు పేరుతో పిలిచిరని చెప్పలేము, కొందఱు పిలిచిరి.

పది దినములకు వాని తండ్రి పాఠశాలకు వచ్చెను. విమానాశ్రయమున రాత్రి పని ముగించుకొని, నిద్ర లేకయే వచ్చినట్లు కన్నులు చెప్పుచుండెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు.

“సార్, మావోనితోని బంతులు ఆడియ్యకుండ్రి. మా నాయిన గిదే ఆట ఆడి అడుక్కతిన్నడు. మేం ఆ గడ దిగనీకె ఇరవై ఏండ్లు పట్టింది. మల్ల వాన్ని ఎక్కియ్యకుండ్రి” అనెను.

మేము వెంటనే బదులు చెప్పలేదు. ఆయన మాటలో అన్యాయమేమియు లేదు. ప్రాచీనకళ యని సభలలో పొగడువారు తమ బిడ్డను ఆ గడమీద నిలువనిత్తురా? కడుపు నిండినవారికి కళగ దోచునది కడుపు నిండనివారికి భిక్షాపాత్ర. కొంత సేపటికి, “మేము ఆట నేర్పుటలేదు, లెక్క నేర్పుచున్నాము. ఒకసారి పుస్తకము చూడుడు” అంటిమి. బాలుడు పుస్తకము విప్పి, వర్ణమాలను తండ్రికి తన మాటలలో చెప్పెను. కుదిరిన వరుసలను జదివెను. పిదప, పరీక్షింపదలచెనో యేమో, కుదరనిదానిని గూడ చదివెను: “నాలుగు, మూడు, రెండు.”

తండ్రి కుడిచేయి గాలిలో కొద్దిగ కదలెను. “అదెట్లయితది బిడ్డా? మూడు గలిసి కుడిచేతిలనే పడ్తయి గదా” అనెను.

బాలుడు మావంక చూచెను. మేము నల్లబల్లమీద మూడు కూడికలు వేసి చూపితిమి. మూటికిని నాలుగే వచ్చెను. కూడికకు మా కొక నిమిషము పట్టెను; ఆయన చేతికి అంత పట్టలేదు. ఆయన బల్లవంక చాలసేపు చూచి, “గిది లెక్కనేనా సార్?” అని యడిగెను. లెక్కయే యంటిమి. “అయితె పుస్తకంల రాయనీయుండ్రి. బజార్ల మాత్రం ఆడొద్దు” అని చెప్పి, బాలుని తల నిమిరి వెళ్ళిపోయెను.

బాలుడిప్పుడు పదవ తరగతి చదువుచున్నాడు. గణితమున మొదటివాడని చెప్పము. వెనుకబడినవాడు మాత్రము గాడు. బడి విడుచు మాట యింటిలో నిప్పుడు లేదని విన్నాము. ఇది గొప్ప విజయమని చాటుటకు గాదు, ఆ తండ్రి మాటను చదువరుల యెదుట నుంచుటకై యీ సంగతి చెప్పితిమి. సంస్కారమును కోరు మనవంటివారు రెండు గోతులలో పడుచుందురు. చేతిపనిని తక్కువగ చూచుట మొదటిది. దానిని ఎక్కువగ పొగడి, పుట్టిన కులముననే బంధించుట రెండవది. ఇది పొగడ్తయను ముసుగు వేసికొనుటచే మఱింత లోతైనది. ఆ తండ్రి యడిగినది రెండును గాదు. విద్య మిగులవలయును, బిచ్చము పోవలయును అని యాయన యభిప్రాయము.

లిపి చేయగల యుపకారమిచ్చట నున్నది. చేతనుండి చేతికి మాత్రమే దిగు విద్య రక్తసంబంధమును దాటదు. ఆ కులమున బుట్టినవాడు దానిని విడువలేడు, బుట్టనివాడు పట్టలేడు. అంకెలకెక్కిన విద్యకు ఆ సంకెల లేదు. గడ యెక్కినవారి మనుమడు గణితవేత్త కావచ్చును. గణితవేత్త కూతురు బంతుల నెగురవేయ నేర్వవచ్చును. లిపి పుట్టిన పిదప, కేంబ్రిడ్జివారు మొదలగువారికి, తామంతకుముందు చూచియెఱుగని ఆటలు కాగితముమీద కనబడెను. వానిని చేతితో సాధించి చూపిరి. చేయి లెక్కకు బీజమిచ్చెను, లెక్క చేతికి క్రొత్త దారి చూపెను.

అయినను లిపికి మితములున్నవి. చేతులు ఒకదానిపై నొకటి అడ్డముగ మార్చుచు విసరు మిల్స్ మెస్ అను ఆట చూడ మిక్కిలి చిక్కైనది; అంకెలలో అదియు 3, 3, 3యే. రెండు చేతులు ఒక్కసారి విసరిన వేఱు గుర్తులు కావలయును. ఒక చేత రెండు బంతులు విసరిన మఱికొన్ని. బంతి యెంత సొగసుగ లేచెనో, ఆడువాని ముఖమున ఎట్టి నవ్వుండెనో ఏ అంకెయు చెప్పదు. గణములు సరిపోయినంతమాత్రమున పద్యము కవిత్వము గానట్లే, అంకెలు సరిపోయినంతమాత్రమున ఆట అందము గాదు. లిపి వచ్చినది గదా యని చేతిని మఱచుట మఱియొక యపచారము. రామసామి విషయమున జరిగినది అదియే గదా.

ఇక మన యిండ్లలో చేయదగినవి రెండు కలవు. మొదటిది సులభము. ఆడుబిడ్డలు గచ్చకాయలు ఎగురవేసి పట్టునప్పుడు, చదువు మాని ఆటలేమని గద్దింపక, ఒక కాయ గాలిలో నుండగా క్రింద నెన్నిటిని తీయగలిగెనో లెక్కింపుమనుడు. మూడు నిమ్మకాయలిచ్చి, పడిన కాయ దొరలిపోకుండ మంచము ప్రక్క నిలువబెట్టి, 5, 1 ఆడి చూడుమనుడు. పదేండ్ల పిల్లకును ఆ వర్ణమాల ఒక్క సాయంకాలమున వచ్చును. కాలము, సగటు, శేషము అను మూడు మాటలు పుస్తకములో కంటె చేతిలో త్వరగ నిలుచును.

రెండవది కష్టము. బాలునిపై కోపము వచ్చినప్పుడు, బాలికపై విసుగు కలిగినప్పుడు, మన నోటికి వచ్చు కులనామములను మ్రింగి యూరకుండుట. మా పాఠశాలలో ఆ బాలుని కులము పేరుతో పిలిచిన పిల్లలు ఆ మాటను మా పాఠ్యపుస్తకములలో నేర్వలేదు. ఇండ్లలో నేర్చిరి, మంచి యిండ్లలోనే నేర్చిరి. ఆ పాఠమును మాన్పించుట ఒక యుపాధ్యాయునివలన నగునది గాదు, తల్లిదండ్రులే మాన్పింపవలయును.